తెల్లదిబ్బ చుట్టూ మూడు చుట్లు

గవ్వలరేవులో ఓడ ఆగిందంటే ఆ పూట రేవంతా పెళ్ళివారిల్లే. పొద్దున్నే వచ్చి లంగరు వేస్తుంది, సాయంత్రం మూడో కూత కూసి వెళ్ళిపోతుంది. ఈలోగా ఓడలోని జంతువులన్నీ దగ్గర్లో ఉన్న గంటపురం చూసి రావాలని దిగుతాయి. గంటపురం ఎంత దూరమో దిగినవాళ్ళకు తెలియదు. ఆ తెలియకపోవడం మీదే నక్క జంబులింగం సంసారం నడుస్తోంది.

ఆ రోజు దిగినవాళ్ళలో మేక గవరమ్మ ఒకతె. అందరూ ఊరు చూడ్డానికి దిగితే ఆవిడ చెల్లెల్ని చూడ్డానికి దిగింది. చెల్లెలు సన్యాసమ్మ గంటపురం గానుగవీధిలో ఉంటుంది. పెళ్ళయిన చాన్నాళ్ళకు కడుపు పండి, మొన్ననే కవలల్ని కన్నది. బాలెంతరాలికి పాలు పడాలని గవరమ్మ ఉలవల మూట వెంట తెచ్చుకుంది. ఏడాదంతా తను తినేదాంట్లోంచి ఇంత ఇంత తీసి దాచిన ఉలవలవి. పసిపిల్లల్ని చూడబోతూ ఉత్తచేతులతో గడప తొక్కితే తొక్కినట్టే కాదని ఆవిడ పట్టుదల.

ఆ రేవులో బాడుగలన్నీ గింజల్లోనే. అక్కడే వచ్చింది చిక్కు.

ఓడ మెట్లు దిగీ దిగగానే జంబులింగం బండి ఎదురొచ్చింది. పట్టుతెరలు, మెత్తటి పరుపులు, మువ్వలు కట్టిన రెండు గాడిదలు. లోపల అప్పటికే నెమలి రాయుడుగారు తోక సర్దుకుని కూర్చున్నారు. ఆయన పక్కన కుందేలు దంపతులు ఒదిగి ఉన్నారు.

"రండమ్మగారూ, గంటపురానికేగా? ఎండ తగలదు, దుమ్ము తగలదు. కళ్ళు మూసి తెరిచేలోపు ఊళ్ళో ఉంటారు" అన్నాడు జంబులింగం.

"బాడుగెంత నాయనా?"

"మీలాంటి పెద్దవాళ్ళ దగ్గర బేరమేమిటమ్మా. ఆ మూటలో సగం ఇప్పించండి, చాలు."

గవరమ్మ మూటను దగ్గరికి లాక్కుంది. "సగమా! ఊరు అంత దూరమా?"

"దూరమంటే దూరమా తల్లీ! ఇప్పుడు బయల్దేరితే మిట్టమధ్యాహ్నానికి చేరతాం."

"కళ్ళు మూసి తెరిచేలోపు అన్నావు ఇందాక."

"నా పరుపుల మీద నిద్ర పడుతుంది కదమ్మా, అందుకని అన్నాను" అన్నాడు జంబులింగం, రెప్పయినా వేయకుండా. "రేవు గేటు బయట ఊరి బండి ఒకటుంది. కానీ వాడు పరాయివాళ్ళను ఎక్కించుకోడు. ఎక్కించుకున్నా నడిదారిలో దింపేస్తే అడిగే దిక్కుండదు. ఆపైన మీ ఇష్టం."

"ఎక్కండమ్మా, ఎక్కండి. మేమూ ఇచ్చాం, సంచి దాదాపు ఖాళీ. ఏం చేస్తాం, పరాయి ఊరు" అన్నారు రాయుడుగారు తెర లోపలినుంచి.

నలుగురితో నారాయణా అనుకుని గవరమ్మ మూట ముడి మీద నోరు పెట్టింది. విప్పబోతూ ఆగి ఇంకో మాట అడిగింది. "వచ్చేటప్పుడు ఆలస్యమై ఓడ అందకపోతేనో?"

జంబులింగం మెట్ల వైపు తిరిగి నలుగురికీ వినబడేట్టు గొంతు పెంచాడు. "మూడో కూత కూసేలోపు మిమ్మల్ని ఈ మెట్ల దగ్గర దించకపోతే పుచ్చుకున్న గింజ పుచ్చుకున్నట్టు తిరిగిచ్చేస్తాను. ఓడ సరంగుగారే సాక్షి."

మెట్ల మీద ఎండ కాగుతున్న సరంగు తాబేలు మెడ కాస్త బయటికి చాపి "విన్నాను" అని మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

అప్పుడే కొంగ నూకాలు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చింది. జంబులింగం బండిని ఆనుకునే పోయింది గానీ దానివంక కన్నెత్తి చూడలేదు. కాకిని కూడా వదలకుండా పిలుస్తున్న జంబులింగం ఆమెను మాత్రం పిలవలేదు. గవరమ్మకు అది వింతగా అనిపించి తట్ట వైపు చూసింది. చేపలు ఇంకా తోకలు ఆడిస్తున్నాయి.

పచ్చిచేప ఎండెక్కితే వాసనేస్తుంది. మధ్యాహ్నానికి గానీ చేరనంత దూరమైతే ఈవిడ ఊళ్ళో ఎవరికి అమ్ముతుంది? ఇలా అనుకుని గవరమ్మ సగం వదులైన ముడిని మళ్ళీ బిగించింది.

"కాస్త కాళ్ళు సాగదీసుకొస్తాను నాయనా."

"ఆలస్యం అమృతం విషం అన్నారమ్మా."

"విషమైతే నేనే తాగుతాలే" అని గవరమ్మ కొంగ వెనకాల గేటు దాటేసింది.

గేటు అవతల అందుకుని అడిగింది. "అక్కా, గంటపురమేనా?"

"మరెక్కడికెల్తాను, సంతకే" అంది నూకాలు నడక ఆపకుండా.

"దేని మీద వెళ్తావు?"

"సోములు మావ బండి లేదా? అదిగో, ఉప్పుకొట్టు ఎనకాల."

"పరాయివాళ్ళను ఎక్కించుకోడటగా?"

నూకాలు ఆగి, అసలే పొడుగైన ముక్కు ఇంకాస్త పొడుగు చేసుకుని నవ్వింది. "ఆ మాట నీకెవుడు సెప్పాడో నాకు తెలుసులే. రా."

ఉప్పుకొట్టు వెనకాల ఎద్దు సోములు తీరిగ్గా నెమరేస్తున్నాడు. బండీ ఆయనదే, లాగేదీ ఆయనే. గవరమ్మను ఎగాదిగా చూసి, "గిద్దెడు గింజలమ్మా. ఊరోళ్ళకీ అదే, ఊరు కానోళ్ళకీ అదే. పరుపులుండవు మరి. తట్టల మజ్జిన సోటు సూసుకో" అన్నాడు.

అంత పెద్ద మూటలోంచి గిద్దెడు తీస్తే తీసినట్టే తెలియలేదు. చేపల వాసనకు మొదట గవరమ్మకు కళ్ళు నీళ్ళు తిరిగాయి. బండి నాలుగు కుదుపులు కుదిపేసరికి ముక్కు దానికి అలవాటుపడింది. నూకాలు తన ఇంటి సంగతులు చెబుతుంటే ఈవిడ తన చెల్లెలి కాన్పు సంగతి చెప్పింది.

దారి మధ్యలో గవ్వలు పోగేసిన తెల్లదిబ్బ ఒకటి వచ్చింది. దాని చుట్టూ మువ్వల చప్పుడు వినబడి గవరమ్మ తల ఎత్తి చూసింది. వెనక బయల్దేరినా గాడిదల పరుగు మీద ముందే వచ్చిన జంబులింగం బండి, తెరలన్నీ దించుకుని, దిబ్బను చుట్టి వస్తోంది.

"అదేమిటి మావా, ఊరు ఇటైతే అటు పోతున్నాడు?"

"రోజూ మూడు సుట్లు తిప్పుతాడమ్మా. తెరలెనక కూసున్నోళ్ళకి సానా దూరం వచ్చినట్టుంటాది. ఇచ్చింది గిట్టిందనుకుంటారు."

"తెలిసీ నువ్వు చెప్పవేం?"

"నా బండి బేరం కోసం సెప్తన్నాననుకుంటారు. కళ్ళతో సూసినోళ్ళకి ఎవుడూ సెప్పక్కర్లేదు" అని సోములు మళ్ళీ నెమరులో పడ్డాడు.

ఒక పాట పాడుకునేంతలో గంటపురం గంటస్తంభం ఎదురుగా నిలబడింది. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. గవరమ్మ గానుగవీధిలో దిగి, మూట పళ్ళ మధ్య పట్టుకుని గడప తొక్కింది. చెల్లెలు పిల్లల మీద మూతి ఆనించి పడుకుని ఉంది. అక్కను చూసి లేవబోయింది.

"లేవకు, లేవకు. ముందు ఇది ఉడకబెట్టించుకో."

"ఇంత ఎందుకు తెచ్చావే అక్కా? దారి ఖర్చులన్నీ పోను కూడా ఇంత మిగిలిందా?"

"దారి నువ్వనుకున్నంత లేదులే" అంది గవరమ్మ. కవలలిద్దరూ పెద్దమ్మ గడ్డం చీకబోయారు. సన్యాసమ్మ ఉలవకట్టు తాగుతుంటే, పిల్లలు కడుపు నిండి తూలి పడుతుంటే చూస్తూ గవరమ్మ ఆ పగలంతా అక్కడే కూర్చుంది. ఊళ్ళో చూడాల్సినవి ఎన్నో ఉన్నాయన్నారు గానీ ఆవిడకు ఒక్కటీ గుర్తు రాలేదు. కడుపు నిండా సంతోషంగా ఉంది.

సాయంత్రం మొదటి కూత దూరంగా వినబడే వేళకు సోములు బండి ఖాళీ తట్టలతో, నూకాలుతో, గవరమ్మతో తిరుగుదారి పట్టింది. తెల్లదిబ్బ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మువ్వలు వినిపించాయి. ఈసారి మువ్వలకన్నా అరుపులు ఎక్కువగా ఉన్నాయి.

జరిగిందేమిటంటే, జంబులింగం తన బండివాళ్ళను పగలంతా బామ్మర్ది ముత్యాల కొట్టులో కూర్చోబెట్టాడు. కమీషన్ ఆశకు పొద్దు సంగతి మరిచాడు. ఇప్పుడు అడ్డదారైనా పట్టి పోదామంటే గాడిదలు దిబ్బ చుట్టూ తిరుగుతున్నాయి.

"తిన్నగా పోండిరా! కూత వినబడలేదా?"

"వినబడింది అయ్యా" అంది పెద్ద గాడిద వినయంగా. "మూడు చుట్లూ అయితేనే దాణా అని తమరే సెలవిచ్చారు. ఇంకా ఒకటే అయింది."

"ఇవాళ వద్దురా!"

"మొన్న తిన్నగా పోతే తమరే కదయ్యా కర్ర విరిగేదాకా కొట్టారు" అంది చిన్న గాడిద, నడక ఆపకుండా.

రాయుడుగారు తెర పక్కకు లాగారు. "ఏమయ్యా జంబులింగం, పొద్దున తెర సందులోంచి ఇలాంటి దిబ్బలు మూడు చూశాను. మూడూ ఇదేనన్నమాట."

"మొక్కుబడి ఏమైనా ఉందేమో, మన చేత ప్రదక్షిణాలు చేయిస్తున్నాడు" అంది కుందేలమ్మ.

గవరమ్మకు నవ్వాగలేదు. అంతలో రెండో కూత కూసింది. పాపం, వీళ్ళ ఓడ పోతుందనిపించి ఆవిడ నవ్వు మింగేసింది. "బాబూ, దిగి ఈ బండి ఎక్కండి. మావా, కాస్త ఆపు."

కుందేళ్ళు గెంతి ఎక్కేశాయి. రాయుడుగారు చేపల తట్టలను చూసి తటపటాయించారు. "నా తోక..."

"తోకకు వాసన పడితే ఓడలో ఆరబెట్టుకోవచ్చు. ఓడే పోతే ఎక్కడ ఆరబెట్టుకుంటారు?" అంది గవరమ్మ. ఆయన తోక చుట్టుకుని తట్టలో కూర్చున్నారు.

ఎద్దు పరుగెత్తదు, ఆగదు కూడా. సోములు అదే నడకతో వాళ్ళను మెట్ల దగ్గర దించాడు. వాళ్ళు దిగి ఒళ్ళు దులుపుకున్నాక గానీ మూడో కూత కూయలేదు. ఆ కూత చివర్లో జంబులింగం రొప్పుతూ గాడిదలతో వచ్చి పడ్డాడు.

"చూశారా, నా వాళ్ళందరూ చేరిపోయారు" అన్నాడు చేతులు జోడిస్తూ.

"చేరారు నాయనా, నీ బండిలో కాదు" అంది గవరమ్మ. "నువ్వు దించకపోతే పుచ్చుకున్న గింజ పుచ్చుకున్నట్టు ఇచ్చేస్తానన్నావు. సరంగుగారూ, అన్నాడా లేదా?"

తాబేలు మెడ చాపాడు. "అన్నాడు. విన్నాను. వాళ్ళది వాళ్ళకిచ్చేదాకా మెట్లు తీయను."

రేవులో కొంగలన్నీ తట్టలు దించుకుని చుట్టూ నిలబడ్డాయి. మాట తప్పితే రేపటినుంచి ఓడవాళ్ళు ఒక్కరూ బండెక్కరని జంబులింగానికి తెలుసు. పళ్ళు నూరుకుంటూ సంచి బోర్లించాడు. ఎవరివి వాళ్ళు తీసుకుని, తలా గిద్దెడు సోములు బండిలో పోశారు. సంచి అడుగున గింజ మిగల్లేదు.

అప్పుడు పెద్ద గాడిద ముందుకొచ్చింది. "అయ్యా, మూడు చుట్లూ పూర్తి చేసే వచ్చాం. మరి దాణా?"

జంబులింగం దులిపిన సంచినే మళ్ళీ దులిపాడు. సోములు తన బండిలోంచి నాలుగు గింజలు గాడిదల ముందు పోసి, ఉప్పుకొట్టు వైపు నడిచాడు.

ఓడ సంద్రానికి పోయింది, ఎద్దు పాకకు పోయింది, మనకు మిగిలింది ఒక్క మాట: పరాయి ఊళ్ళో దారి అడగాలంటే పిలిచేవాణ్ణి కాదు, రోజూ పోయేవాణ్ణి అడగాలి.