చుక్కావు పొట్ట చాటున నక్క టిఫిన్లు

నక్క ఎక్కడ, నాగలోకం ఎక్కడ అంటారు గానీ, గోల్కొండ వెనక గుట్టల నుంచి మెహదీపట్నం ఎంతో దూరం లేదు. ఆ గుట్టల్లో ఉండే నక్కకు తొండలంటే మొహం మొత్తింది. పక్కన హైదరాబాదు పెట్టుకుని ఈ తిండేమిటి అనుకుంది. కానీ బజారులో కనపడితే కుక్కలు ఊరుకుంటాయా? అందుకని తెల్లవారుతూనే చుక్కావును పట్టుకుంది.

చుక్కావు ముసలిది. పగలంతా బజార్లు తిరిగి మేసి, సాయంత్రం ఇంటి దగ్గర చివరి ఈత దూడకు పాలిచ్చేది. మేత దొరక్కపోతే ఆ పూట దూడకు పస్తే.

"అత్తా, నీ పొట్ట చాటున నన్నూ తిప్పు. ఊరు రుచి చూస్తాను."

"రా అల్లుడూ. నాకీమధ్య మతిమరుపు. తోడుంటే మంచిదే."

ఆ మాట నక్క చెవిలో పడింది. పడి అక్కడే ఉంది.

మెహదీపట్నంలో ఇడ్లీ బండి నాగరత్నం మొదటి వాయి ఎప్పుడూ ఆవుకే పెడుతుంది. ఆకులో ఇడ్లీలు పెట్టి, దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగింది. ఆవు మూతి వంచేలోగా పొట్ట కింద నుంచి నక్క నాలుక చాపింది.

"ఇడ్లీలేవిరా?"

"తినేశావు కదత్తా. మరిచిపోయావా?"

"తిన్నానా?"

"చట్నీ కారంగా ఉందన్నావు కూడాను."

ఆవు సిగ్గుపడి ముందుకు నడిచింది.

నాంపల్లిలో పూరీలూ అలాగే పోయాయి. "ఇంకోటి అడుగుతానంటే నేనే వద్దన్నాను, అరగదని," అంది నక్క. కోఠిలో జిలేబీ పోయింది. "పాకం పలచనని తిట్టావు కదత్తా."

ఆవు నడక ఆపింది. "అల్లుడూ, జిలేబీ తిన్నదే మరిచానంటే, రేపు దూడను మరిచిపోనూ?"

"పెద్దతనం అత్తా. నేనున్నాగా," అంది నక్క మూతి నాకుకుంటూ.

మధ్యాహ్నం చుక్కావు ఒక గోడ నీడన కాళ్లు ముడిచి పడుకుంది. ఆ వేళకు నెమరు వేయడం దానికి అలవాటు. దవడ ఆడించింది. ఏమీ పైకి రాలేదు. మళ్లీ ఆడించింది. గాలి వచ్చింది.

నక్కకు నెమరంటే తెలియదు. ఆవలిస్తోందనుకుంది.

బుర్ర మరిస్తే మరవొచ్చు, తిన్నది పొట్టలో లేకుండా ఎక్కడికి పోతుంది? అనుకుని చుక్కావు రోడ్డు అవతలికి చూసింది.

"అల్లుడూ, ఎదురుగా మిర్చి బజ్జీల బండి ఉంది. నాకింక కడుపులో చోటు లేదు. నువ్వు వెళ్లి తిను."

నక్క ఆశగా రోడ్డు దాటింది. బజ్జీ నోట పెట్టుకుంది. నోరు కాలేలోగా బజారు కుక్కలన్నీ లేచాయి.

"అత్తా! లే! నీ పొట్ట చాటున దాక్కోవాలి!"

చుక్కావు లేవలేదు. పొట్ట నేలకు ఆనే ఉంది.

"ఇందాకే దాక్కున్నావు కదా అల్లుడూ. మరిచిపోయావా?"

"ఎక్కడ దాక్కున్నానత్తా!"

"ఇరుకుగా ఉందన్నావు కూడాను."

ఆ మధ్యాహ్నం కోఠి నుంచి గోల్కొండ దాకా నక్క ఎక్కడా ఆగలేదు, దారిలో ఏదీ రుచి చూడలేదు.

చుక్కావు నెమ్మదిగా లేచి, చెరకు రసం బండి పక్కన పిప్పి మేసి, కూరల బజారులో కాలీఫ్లవర్ ఆకులు మేసి, దీపాల వేళకు ఇల్లు చేరింది. దూడ కడుపునిండా తాగింది.

నీ మతి సంగతి, నీ విస్తరి ఖాళీ చేసేవాణ్ని అడగకు.