వరుస కుదరని గింజలు

అనగనగా ఒక కొండ కింది ఊళ్ళో చింతపండు కొట్టుకుని బతికే ఓబులమ్మ ఉండేదమ్మా. ఆమెకు చెంగి అని ఒక్కతే కూతురు. నోరు మూయని పిల్ల.

మంచు దిగే కాలంలో ఆ ఊరికి వరుసలోడు వచ్చేవాడు. వాడి ముఖం ఎవరూ చూడలేదు. రోజుకో ఇల్లు చొప్పున, పిల్లలున్నవాళ్ళు సందెవేళ గడప ముందు చింతగింజలు పోసి తలుపేసుకోవాలి. వెయ్యికి తగ్గకూడదు. వాడు వాటిని సమానంగా వరుసలు పేర్చేవాడు. ఒక్క గింజా మిగలకుండా కుదిరాయా, ఆ ఇంటి బిడ్డ గొంతు పట్టుకుపోయేవాడు. ఒకటే బారు పేరిస్తే మాత్రం చెల్లదు. వరుస పక్కన వరుస ఉండాలి.

మొదట గంగులప్ప సరిగ్గా వెయ్యి పోశాడు. వరుసలోడు పదేసి పేర్చేశాడు. తెల్లారి గంగులప్ప కొడుకు నోరు తెరిస్తే గాలే వచ్చింది.

ఆ తర్వాత పక్కింటి నాంచారమ్మ, కానుకల్లో కలిపినట్టు పైన ఒకటి కలిపింది. "వెయ్యిన్నొకటి! ఆ ఒక్కటీ ఎటూ మిగిలిపోతుందిలే" అంది. వాడు రెండేసి పేర్చాడు, ఒకటి మిగిలింది. మూడేసి పేర్చాడు, రెండు మిగిలాయి. ఏడేసి పేర్చాడు, ఏమీ మిగల్లేదు. నాంచారమ్మ కొడుకు ఈరిగాడి గొంతు పోయింది.

అప్పుడు ఓబులమ్మ వంతు వచ్చింది. పొద్దుటినుంచీ ఒక్కో గింజా కలుపుతూ పేర్చి చూసింది. వెయ్యిన్నీ ఏడు బాగుందనుకుంది. పందొమ్మిదేసి పేర్చేసరికి చక్కగా కుదిరిపోయింది. ఇంకో రెండు గింజలు కలిపింది. వెయ్యిన్నీ తొమ్మిది పోసింది. ముప్పైఒకటేసి దాకా పేర్చినా కుదరలేదు.

"ఇంకా పొడుగు వరుసలు చూడవేంటమ్మా?" అంది చెంగి.

"పొడుగువైతే ముప్పైఒకటి లోపే వస్తాయే. అడ్డంగా చూస్తే అవే పొట్టి వరుసలు. పొట్టివన్నీ చూసేశాంగా."

సందె పడింది. తలుపవతల టక్, టక్ మని గింజల చప్పుడు. కుప్ప పోయడం, మళ్ళీ పేర్చడం. అప్పుడు చప్పుడు ఆగింది.

"అత్తా, ఒక్క గింజ తగ్గిందత్తా. ఒక్కటి పడెయ్యవూ?"

అది ఈరిగాడి గొంతు.

నేనే తప్పు లెక్కపెట్టానేమో అనుకుంది ఓబులమ్మ. చెయ్యి బుట్టలోకి పోయింది. ఒకటి కలిస్తే అన్నీ జతలైపోతాయని అప్పుడు తట్టింది. చెయ్యి లాక్కుని చెంగి నోరు గట్టిగా మూసింది.

తెల్లారి తలుపు తీస్తే, గింజలు ఒకటే బారుగా గడప నుంచి కొండ మీది మంచులోకి పోయి ఉన్నాయి. పక్కన పెట్టడానికి ఇంకో వరుస కుదరలేదు వాడికి. పెరటి గోడ దగ్గర ఈరిగాడు నోరు తెరిచాడు. వాడి మాట కొండ మీంచి వినిపించింది. "ఒక్క గింజత్తా..."

"అమ్మా" అంది చెంగి, కొంగు పట్టుకుని.

ఓబులమ్మ కూతురి పెదాల మీద వేలు పెట్టి చూసింది. "ఇంకోసారి పిలువే తల్లీ."

"అమ్మా."

ఆ మాట వేలికి వెచ్చగా తగిలింది.

వరుస వెళ్ళింది కొండకి,
కథ వెళ్ళింది కంచికి,
గడియ పడింది తలుపుకి,
మనం వచ్చాం పడకకి.