చినగెడ్డవలస నెట్టు రిపోర్టు

చినగెడ్డవలసకు రావలసిన తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని అప్పలస్వామికి, అతని భార్య సన్యాసమ్మకు, తమ్ముడు బంగారయ్యకు గట్టి నమ్మకం. మిగతా ఊరిని చూసి అప్పుడప్పుడు జాలిపడేవాళ్ళు కూడా. అందుకే టౌనులోని ఇంటర్నెట్ కంపెనీ ఊరి బ్రాంచిని వాళ్ళ వీధి గదిలో పెడతానంటే ముగ్గురూ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

ఎక్కువ పొంగిపోయింది బంగారయ్యే. నిన్నటిదాకా అతను గేదెల బంగారయ్య. ఇప్పుడు నెట్టు బంగారయ్యగారు. ఆ 'గారు' వింటే చాలు, అతనికి అన్నం తిన్నంత తృప్తి.

ఇంజనీరు మురళీధర్ వచ్చి బల్లమీద కంప్యూటరు పెట్టి, గోడకు రూటరు, దాని కింద నలభై ఇళ్ళ తీగలు గుచ్చిన స్విచ్చి బిగించాడు.

"ఈ వారం మీకు పరీక్ష. లైను బాగా నడిస్తే బ్రాంచి మీదే. లేదంటే పక్క ఊరికి ఇచ్చేస్తాం. స్విచ్చి మీద ఎర్ర లైటు వెలిగితే నాకు చెప్పండి. రూటరుకి కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. అది ఎవ్వరికీ తెలియకూడదు" అని చెప్పి బస్సెక్కాడు.

"ఎవ్వరికీ అంటే ఎవ్వరికీనేరా" అన్నాడు అప్పలస్వామి.

"నేను కొడితే నాకు తెలిసిపోద్ది కదన్నయ్యా?"

అదీ నిజమే. అంతే, సన్యాసమ్మ మరిది కళ్ళకు గంతలు కట్టింది. మొగుడూ పెళ్ళాం గోడవైపు తిరిగి నిలబడ్డారు. బంగారయ్య పది వేళ్ళతో టపటపా ఏదో కొట్టేశాడు.

మర్నాడు ఎర్ర లైటు వెలిగింది.

"ఫోన్లో సెప్తే ఎంత ఎర్రగా ఉందో ఆయనకేటి తెలుస్తాది? సూపించాల" అంది సన్యాసమ్మ.

ఇంకేముంది! నలభై తీగలూ పీకేశారు. స్విచ్చిని తువ్వాల్లో చుట్టుకుని టౌను బస్సెక్కారు. సగం దారిలో బంగారయ్య తువ్వాలు విప్పి చూశాడు.

"ఆరిపోయిందొదినా! గాలి మార్పుకి నెమ్మదించినట్టుంది."

ముగ్గురూ సంతోషంగా అక్కడే దిగి ఇంటిదారి పట్టారు.

ఈలోగా టౌనులో ఇంజనీరు తెరమీంచి చినగెడ్డవలస ఊరంతా మాయమైంది. ఆయన పరుగున వచ్చిపడ్డాడు.

"పాస్‌వర్డ్ చెప్పండి!"

"తెలీదండి" అన్నాడు బంగారయ్య గర్వంగా.

"మరెవరికి తెలుసు?"

"ఎవ్వరికీ తెలీదండి. ఊరంతా తిరిగి అడుక్కోండి, కావాలంటే."

ఇంజనీరు కాసేపు నేలమీద కూర్చున్నాడు. తర్వాత లేచి అన్నీ మొదట్నుంచి సరిచేశాడు. "ఇదే ఆఖరి అవకాశం. దేన్నీ ముట్టుకోవద్దు. ఆదివారం సాయంత్రం ఆరులోపు కంప్యూటర్లో ఈ లైను రిపోర్టు ఫారం నింపి నెట్లో పంపండి. ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు" అన్నాడు.

బంగారయ్య కర్ర పట్టుకుని గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. బల్లిని కూడా రానివ్వలేదు. లైను ఒక్క క్షణం ఆగలేదు.

ఆదివారం ఐదున్నరకి ఫారం తెరిచారు. పేరు రాశారు, ఊరు రాశారు. తర్వాతి గడి 'లైను ఆగిన టైము'. బంగారయ్య అన్నవైపు తిరిగాడు.

"ఆగనే లేదు కదన్నయ్యా, ఏటి రాయను? అబద్ధం రాస్తే బ్రాంచి పోద్ది."

"నిజం రాయాలంటే ఆపాల మరి" అన్నాడు అప్పలస్వామి.

సరిగ్గా ఐదుమ్ముప్పావుకి బంగారయ్య రూటరు ఆపేశాడు. 'ఐదుమ్ముప్పావు' అని నిజమే రాశాడు. ఒక్క గడీ ఖాళీ లేదు. పంపే మీట నొక్కాడు. వెళ్ళలేదు. మళ్ళీ నొక్కాడు. వెళ్ళలేదు. ఆరు కావస్తోంది. మళ్ళీ గేదెల బంగారయ్యనైపోతానని అతనికి ఏడుపొచ్చింది.

"ఎందుకేడుస్తావు? మన కాడ తప్పేటుంది?" అంది సన్యాసమ్మ. "అక్కడ కంపెనీవోళ్ళకే నెట్టు పోయుంటాది."

ముగ్గురికీ కంపెనీ మీద ఎక్కడలేని జాలి కలిగింది.

"పాపం! మన నెట్టు ఎలాగూ ఖాళీగానే ఉంది కదొదినా" అని కళ్ళు తుడుచుకుని, బంగారయ్య గోడ మీది రూటరూ స్విచ్చీ ఊడదీసి, కంపెనీకి ఇచ్చి రావడానికి బయల్దేరాడు.