మధ్యలో లేచినవాడు

మేళం వాయిస్తుండగా మధ్యలో లేచి వెళ్లినవాడు ఇక ఆ మేళంలో మనిషి కాడు. గుంతకల్లు ఖుద్దూస్ మాస్టారి బ్యాండులో ఉన్న కట్టుబాటు ఇదొక్కటే.

అది ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు పెళ్లిపందిట్లో అందరూ కూర్చుని వాయిస్తుండగా, క్లారినెట్ మనిషి వంటల వాసన తగిలి మెల్లగా పంక్తిలోకి జారుకున్నాడట. పల్లవి దాకా బాగానే నడిచిన పాట చరణంలో దిక్కులేనిదై పోయింది. ఆ రోజు నుంచి ఈ బ్యాండువాళ్లు ఇంటికి నిప్పంటుకున్నా పాట ముగించి గానీ లేవరని ఊళ్లో వేళాకోళం చేస్తారు.

ఆ కట్టుబాటు చూపించి, సొంత అన్ననే మేళంలోంచి తీసెయ్యమని అడగడానికి సోమవారం పొద్దున్నే తిరుపాలు గురువు ఇంటికి వచ్చాడు.

మాస్టారు వరండాలో కూర్చుని, శాక్సఫోన్ మూతికి బిగించే రెల్లు రీడును గ్లాసులో నీళ్లలో నానేసి, అది మెత్తబడేదాకా టీ తాగుతున్నారు.

"ఏమిరా, పొద్దున్నే మొగం అట్ల పెట్టుకోని వచ్చినావు?"

"మాయన్నను మేళంలోంచి తీసెయ్యల్ల, మాస్టరూ."

"ఏం చేసినాడు?"

"నిన్న క్లబ్బులో మన రికార్డు నడస్తాంటే మధ్యలో లేసి బయటికి పాయె. అందరి ముందర. మళ్లీ లోపలికి రానే రాలేదు."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "రికార్డు నడస్తాంటే లేసినా, మేళం నడస్తాంటే లేసినట్లేనా?"

"వాయించింది మనమే కదా మాస్టరూ!"

అదీ నిజమేనన్నట్టు ఆయన తల ఊపారు.

ఆ రికార్డు సంగతి కొంచెం చెప్పాలి. ఖుద్దూస్ మాస్టారు కుర్రతనంలో రైల్వే క్లబ్బులో డాన్సు బ్యాండు నడిపిన ఒక ఆంగ్లో ఇండియన్ దొర దగ్గర శాక్సఫోన్ నేర్చుకున్నారు. తర్వాత జీవితమంతా పెళ్లిళ్లలో, జాతరల్లో, ఎవరు ఏ పాట అడిగితే ఆ పాట వాయించారు. డెబ్బై దాటాక, బెంగళూరు నుంచి వచ్చిన ఒక చిన్న రికార్డు కంపెనీ ఆయన "మీ ఇష్టం వచ్చింది వాయించండి" అన్నాడు. అంత పెద్ద మాట ఆయనతో అంతకుముందు ఎవరూ అనలేదు. శిష్యుడు తిరుపాలును ఇంకో శాక్స్‌తో పక్కన నిలబెట్టుకుని, డ్రమ్ము లేకుండా, పాట లేకుండా, రాగం తాళం అనేవి దగ్గరికి రానివ్వకుండా రికార్డు రెండు వైపులా నిండేదాకా వాయించారు. కంపెనీ ఆయన కళ్లు తుడుచుకుని, "దీన్ని బయటి దేశాల్లో ఫ్రీ జాజ్ అంటారు మాస్టర్" అన్నాడు. "ఏమంటే ఏముందిలే, చల్లంగా ఉంటే సరి" అన్నారు మాస్టారు.

ఆ రికార్డు వినడం అంత సులువు కాదు. ఒక శాక్స్ మాట మొదలుపెట్టగానే ఇంకొకటి అడ్డం పడుతుంది. కాసేపు రెండూ జుట్టూ జుట్టూ పట్టుకుంటాయి, కాసేపు ఒకదాన్నొకటి ఓదార్చుకుంటాయి. ఇప్పుడైనా పాట వస్తుందని చెవి కాచుకుని కూర్చుంటుంది, అది రాదు. మొదటిసారి విన్నవాడికి ఒళ్లు మండితే తప్పు పట్టలేం. రెండోసారి వినే ఓపిక ఉన్నవాడు మాత్రం, అడిగిన పాటే వాయిస్తూ బతికిన మనిషి లోపల ఇంత అడవి ఎక్కడ దాచుకున్నాడా అని ఆశ్చర్యపోతాడు. నిజం చెప్పాలంటే చెయ్యెత్తి మొక్కబుద్ధవుతుంది.

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో ఊరివాళ్లను పిలిచి దాన్ని వినిపించారు. మోకాలి నొప్పితో మాస్టారు వెళ్లలేదు. వచ్చినవాళ్లు ఏమన్నారో తిరుపాలు ఇప్పుడు ఒక్కటీ వదలకుండా చెప్పుకొచ్చాడు.

"కాలేజీ లెక్చరర్ పురందరయ్య సారు భలే మెచ్చుకున్నాడు మాస్టరూ. ఈ కాలం గొంతులోంచి వచ్చిన ఆర్తనాదం అన్నాడు."

"అట్లనా! యాడ?"

"యాడ ఏంది?"

"యాడ వినపడిందంట, ఆ ఆర్తనాదం?"

"మొత్తం అన్నాడు."

"మొత్తం అంటే యాడా లేదనే" అని మాస్టారు రీడు తీసి వెలుతురులో పట్టి చూశారు. "ఇంగెవరు?"

"పెండ్లిండ్లు కుదిర్చే కంబగిరప్ప భయపడినాడు. మా కొత్త సంబంధం పెండ్లిలో ఇది వాయించరు కదా నాయనా అని నా చెయ్యి పట్టుకున్యాడు. క్లబ్బు సెక్రెటరీ పోయి స్పీకరు వైర్లు పీకి మళ్లా పెట్టె. సిగ్నల్ కాడ పనిచేసే అబ్రహామేమో పకపకా నవ్వె."

"యాడ నవ్వినాడు?"

తిరుపాలు ఆలోచించాడు. "మొదటివైపు. మీరు ఊదుతా ఊదుతా నిలిపేసి, నన్ను అడుక్కున్నట్లు చిన్నంగా ఒక కూత కూస్తారే, ఆడ."

మాస్టారి ముఖం విప్పారింది. "ఆడనా! ఆడ నాక్కూడా నవ్వొచ్చిందిరా, పంటితో పట్టుకున్యాను. అబ్రహామును ఒకసారి రమ్మను, టీ తాగి పోతాడు."

మెచ్చుకున్న లెక్చరర్‌కు లేని టీ, నవ్వినవాడికి ఎందుకో తిరుపాలుకు అంతుబట్టలేదు. అతని మనసంతా అన్న దగ్గరే ఉంది.

"నవ్వినోళ్లు నవ్వనీండి మాస్టరూ, వాళ్లు బయటోళ్లు. మాయన్న? మేళంలో పెద్ద డ్రమ్ము వాయించే మనిషి. రికార్డులో డ్రమ్ము లేదని కడుపుమంట. పక్కనే కూసోనుండె. రికార్డు అయిపోయినాక ఏమంటాడో అని నేను ఆయప్ప మొగమే చూస్తా ఉండాను. దిగ్గున లేసి పాయె. తల తీసేసినట్లాయె నాకు."

ఆ చివరి మాటలో కోపం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది. అమ్మానాన్నలు లేని తిరుపాలును చేతుల మీద పెంచింది ఆ అన్న హంపన్నే. చలికాలం వస్తే చాలు, పసివాడు ఛాతీలో పిల్లికూతలతో, ఊపిరాడక అల్లాడిపోయేవాడు. ఏదైనా ఊదితే ఛాతీ గట్టిపడుతుందని ఎవరో చెబితే, ఏదో ఎందుకని శాక్సఫోన్ దగ్గరికే తీసుకొచ్చి మాస్టారి ముందు కూర్చోబెట్టాడు. ఎవరెంత మెచ్చుకున్నా ఆ ఒక్క మనిషి లేచి వెళ్లిపోతే, ఆ మెప్పు ఏం చేసుకోవాలి?

"యాడ లేసినాడు?" అన్నారు మాస్టారు.

"రెండోవైపు."

"రెండోవైపు యాడ? పెట్టి చూపించు."

లోపల గదిలో రికార్డు ప్లేయరు ఉంది. తిరుపాలు ముల్లును ఎత్తి, వంగి చూసి, సరిగ్గా ఆ చోటే దించాడు. పొగిడిన చోట్లు అతనికి గుర్తులేవు గానీ ఇది మాత్రం కళ్లు మూసుకుని పెట్టగలడు.

అది చివరి భాగం. మాస్టారి శాక్స్ ఆగిపోతుంది, తిరుపాలు ఒక్కడే మిగులుతాడు. ఒక స్వరం పట్టుకుని పైపైకి ఎక్కుతాడు, ఇంకా ఎక్కుతాడు, అక్కడ స్వరం చిట్లిపోతుంది. ఊపిరి మాత్రం మిగులుతుంది. గొట్టంలో సన్నగా గీరుకుపోయే గాలి, ఎగదన్నుకొచ్చే ఆయాసం, మళ్లీ గాలి.

"ఇక్కడే" అన్నాడు తిరుపాలు సిగ్గుగా. "నాకు ఊపిరి చాల్లేదు. ఇది కోసేయండని అప్పుడే అడిగితి. మీరు వినలేదు."

మాస్టారు కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. ముల్లు ఎత్తి పక్కన పెట్టి, కర్ర అందుకున్నారు.

"నీ శాక్స్ తీసుకో. తీర్పు మీయన్న ఇంటికాడ చెప్తా."

రైల్వే గేటు అవతల వీధిలో హంపన్న ఇల్లు. మోకాలి నొప్పి మనిషి కర్ర ఊతంగా అంత దూరం నడిచి వస్తే, హంపన్న భార్య సుంకులమ్మ కంగారుపడి బల్ల తుడిచింది. బొరుగుల ఉగ్గాని చేస్తున్న చేత్తోనే ప్లేట్లు తెచ్చింది. మరిదికీ ఒక ప్లేటు పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు, కూర్చోలేదు కూడా.

హంపన్న గోడవారగా కింద కూర్చుని, పెద్ద డ్రమ్మును కాళ్ల మధ్య పెట్టుకుని తాళ్లు బిగిస్తున్నాడు. వాళ్లెందుకు వచ్చారో అతనికి చెప్పాల్సిన పనిలేకపోయింది.

"నిన్న లేసిన మాట నిజమేనా హంపన్నా?"

"నిజమే మాస్టరూ."

"ఎందుకు లేస్తివి?"

హంపన్న చేతిలో తాడును రెండుసార్లు చుట్టి విప్పాడు. మాటల మనిషి కాడతను, ఉన్న మాటలన్నీ డ్రమ్ము మీదే ఖర్చుపెట్టేస్తాడు. "కట్టుబాటు కట్టుబాటే కదా. తీసెయ్యండి" అని, భుజానికి వేసుకునే డ్రమ్ము పట్టీని విప్పి మాస్టారి పాదాల దగ్గర పెట్టాడు.

సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుపాలు అన్నకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. తను కోరింది జరుగుతోంది.

మాస్టారు ఆ పట్టీని ముట్టుకోలేదు. "తిరుపాలూ, ఊదు."

"ఏం ఊదల్ల?"

"అదే. మీయన్న లేసిన చోటు."

"అది మళ్లా ఎట్ల వస్తుంది మాస్టరూ?"

"ఊదు."

తిరుపాలు అటే తిరిగి ఉండి, శాక్స్ నోట్లో పెట్టుకున్నాడు. కోపంగానే మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచీ మింగుకున్నదంతా గొట్టంలోకి తోశాడు. స్వరం పైకి ఎక్కింది. వీధిలో పోయే పూలమ్మే ఆమె తట్ట దించి నిలబడి చూసింది. ఇంకా ఎక్కింది. రికార్డులో కంటే ఎత్తుకు పోయింది, అక్కడ నిలబడటానికి ఏమీ దొరకలేదు. స్వరం చిట్లింది. అయినా ఆపకుండా ఊదాడు. గొట్టంలోంచి సన్నగా గాలి గీరుకుంటూ వచ్చింది, ఆ వెనకే ఆయాసం ఎగదన్నింది. భుజాలు పైకి లేచాయి, మెడనరాలు ఉబ్బాయి, లోపలికి పీల్చుకోవడానికి గాలి అందలేదు.

అతని వెనక డ్రమ్ము దొర్లిన చప్పుడైంది.

ఒక అరచెయ్యి వచ్చి తిరుపాలు వీపు మీద పడింది. నడుము దగ్గర మొదలై మెడ దాకా, మళ్లీ నడుము నుంచి మెడ దాకా, ఒత్తీ ఒత్తకుండా నిమిరింది.

"నిదానంరా" అంటున్నాడు హంపన్న. తనేం అంటున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. "నిదానం నాయనా. వస్తాది, ఊపిరి వస్తాది. నేనుండా కదా."

ఆ చెయ్యి తిరుపాలుకు కొత్త కాదు. ఏ చలికాలపు రాత్రిదో జ్ఞాపకం లేదు గానీ అతని వీపుకు తెలుసు. చెయ్యి పైకి వచ్చినప్పుడల్లా భుజాలు వాటంతట అవే దిగాయి. బిగుసుకున్న ఛాతీ వదులైంది. ఊపిరి వచ్చింది. దాంతోపాటు గొట్టంలోంచి ఒక స్వరం, చిన్నదే, వణుకుతూ బయటికొచ్చి నిలబడింది.

తిరుపాలు దాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడు. అతని కళ్లలోంచి నీళ్లు కారి శాక్స్ మీద పడుతున్నాయి.

మాస్టారు కర్ర ఆనించుకుని వంగి, పాదాల దగ్గరున్న పట్టీ తీసి, దుమ్ము దులిపి, దొర్లిపోయిన డ్రమ్ము మీద పెట్టారు. చల్లారిపోతున్న ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కున్నారు.

"మళ్లా మధ్యలోనే లేసినాడురా మీయన్న" అన్నారు. "ఏం చేద్దాం తిరుపాలూ, తీసెయ్యమంటావా?"

తిరుపాలు శాక్స్ నోట్లోంచి తియ్యలేదు. హంపన్న చెయ్యి ఇంకా అతని వీపు మీదే ఉంది.