ముగ్గు దాటని కుక్కపిల్ల

అనగనగా అని అందరూ మొదలెట్టేదే, నేనూ అలాగే మొదలెడతాను. కుదురుగా కూర్చోండర్రా.

అనగనగా నెమలికొండ అనే కోట. ఆ కోటలో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. రాజుగారి నగరులో ముగ్గులు పెట్టడం ఆమె పని. తెల్లారేసరికి ఏడు వాకిళ్లూ కళకళలాడాలి. రాజుగారూ రాణిగారూ వచ్చి "ఆహా, ఏం ముగ్గు!" అనేవారు. ముగ్గుని చూసేవారే గాని, పెట్టిన మనిషిని ఎవరూ చూసేవారు కాదు.

పని కాగానే తొంభై మెట్లెక్కి మేడ మీది తన గదికి పోయేది. ఇంత వండుకుని ఒక్కతే తినేది. నా అన్నవాళ్లు లేరు. గోడలతో మాట్లాడితే పిచ్చిదంటారని అదీ మానేసింది. ఒంటరితనం చెడ్డదర్రా! అన్నమైతే అడుక్కోవచ్చు, మాట ఎవర్ని అడుక్కుంటాం?

ఒకనాడు ముగ్గురాళ్ల కోసం కొండకు వెళ్తే, పొదలో తల్లి లేని కుక్కపిల్ల కుయ్ కుయ్‌మంటూ కనిపించింది. ఉలవల రంగులో ఉందని ఉలవడు అని పేరు పెట్టి, గంపలో దాచి తెచ్చుకుంది. ఆనాటి నుంచి ఆ గదిలో మాటలు వినిపించాయి. "ఒరేయ్ ఉలవా, పాలు తాగరా!" "ఒరేయ్ ఉలవా, నా కొంగు వదలరా!" ముద్దు చేసేది గాని, ముగ్గు తొక్కితే మాత్రం ఊరుకునేది కాదు. "పాపంరా, తొక్కకూడదు!" అని చెవి మెలేసేది. రెండు దెబ్బలకే వాడికి బుద్ధి వచ్చింది. ముగ్గు కనిపిస్తే చుట్టూ తిరిగి పోయేవాడు.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు, ఉలవడు ఎక్కడ పడితే అక్కడ తడిపేవాడు. నవ్వకండి, మీరూ తడిపినవాళ్లే! కిందికి తీసుకుపోదామా అంటే వాకిళ్లలో రాజుగారి నెమళ్లు తిరుగుతుంటాయి. అక్కడ కుక్క కాలు పెట్టకూడదని కట్టడి.

ఒకనాడు ఆ తడి కాస్తా కింది గదిలోకి కారింది. నగరు పెత్తందారు మల్లపరాజు మండిపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమమ్మా, ఇది నగరా, కుక్కల దొడ్డా? మూడు రోజులు గడువిస్తున్నాను. నాలుగో రోజు పొద్దున్నే వస్తాను. నేల మీద తడి కనిపించిందో, దీన్ని ఏరు దాటించి వదిలేస్తాను!"

పేరిందేవి పరుగున కిందికి దిగింది. వెంటనే ఒక వెడల్పాటి మట్టి తొట్టి తెచ్చి, ఏటి ఇసుక పోసి, మూలన పెట్టింది. "ఇదిగోరా, ఇకనుంచి ఇదే నీ చోటు" అంది. చుట్టూ కడిగి, చిన్న ముగ్గు పెట్టింది. కడిగిన చోట ముగ్గు పెట్టకుండా ఆమె చెయ్యి ఊరుకోదు మరి.

మొదటి రోజు ఉలవడు తొట్టి దాకా వెళ్లాడు, ఆగాడు, తిరిగొచ్చి తలుపు పక్కన తడిపాడు. "ఛీ, మొద్దు వెధవా!" అంది.

రెండో రోజు ఇసుక జల్లెడ పట్టింది. తొట్టిని కుంకుడు రసంతో తళతళా తోమింది. చుట్టూ ఇంకా పెద్ద ముగ్గు పెట్టింది. ఉలవడు వెళ్లాడు, ఆగాడు, మంచం కింద దూరి తడిపాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా నీతో!" అని కోప్పడి, ఆ పూట వాడితో మాట్లాడలేదు. వాడికీ దిగులే, ఆమెకూ దిగులే.

మూడో రోజు గదిలో సగం ముగ్గే. పసుపూ కుంకుమా కూడా అద్దింది. ఉలవడు తొట్టి చుట్టూ తిరుగుతున్నాడు, మూలుగుతున్నాడు, కాలు ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. పొద్దు వాలుతోంది. పేరిందేవి నేల మీద కూలబడి బావురుమంది.

"రేపు నిన్ను తీసుకుపోతార్రా. మళ్లీ నేనొక్కదాన్నే అయిపోతాను. ఎందుకురా ఇలా చేస్తున్నావు?"

ఆ కాలంలో జంతువులకు మాటలొచ్చు. కాకపోతే అడిగితేనే చెప్పేవి.

"అమ్మా, ముగ్గు తొక్కితే పాపమన్నావు కదా? ఎటునుంచి వెళ్లను? పైగా తోమి తోమి పెడితివి, అందులో నా వాసనే లేదు. అది నా చోటని ఎలా తెలుస్తుంది?" అన్నాడు ఉలవడు.

పేరిందేవి నుదురు కొట్టుకుంది. మూడు రోజులుగా వాడు ఆమె మాట వింటున్నందుకే తిట్లు తింటున్నాడు! గబగబా కొంగుతో ముగ్గంతా చెరిపేసింది. ఉలవడు ఒక్క దూకులో తొట్టిలో పడ్డాడు. ఎంతసేపని ఆపుకుంటాడు పాపం!

"నా బంగారు కొండ!" అని రొట్టె ముక్క పెట్టింది. వాడికి వాసన తెలియాలని తడిసిన ఇసుక గుప్పెడు తొట్టిలోనే ఉంచింది. వాడు నిద్ర లేవగానే, పాలు తాగగానే తొట్టి దగ్గరకు తీసుకుపోయింది.

నాలుగో రోజు పొద్దున మల్లపరాజు వచ్చాడు. నేలంతా వంగి వంగి చూశాడు. ఎక్కడా తడి లేదు.

"మూడు రోజుల్లో ఎలా నేర్పావమ్మా?"

"నేర్పడానికేముంది బాబూ, ఎందుకురా అని అడిగాను, చెప్పాడు."

మల్లపరాజు గదంతా ఒకసారి కలయజూశాడు. ఆ గదిలో ఒక్కటే చాప, ఒక్కటే కంచం ఉన్నాయి. పదేళ్లుగా ఆమె ఆ మెట్లెక్కుతోందని ఆయనకు తెలుసు. వెళ్లబోతూ గడప దగ్గర ఆగాడు.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాడు.

పేరిందేవి కళ్లు నిండిపోయాయి. ఆ పదేళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ లేరు మరి.

విన్నారుగా! ఎదుటివాణ్ణి తప్పు పట్టే ముందు, ఎందుకని ఒక్క మాట అడగాలి.