దొన దారిలో ఎర్రరాయి

ఆ అడవిలో వానాకాలం అందరూ దొరలే. ఎక్కడ మూతి పెడితే అక్కడ నీళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం దొరతనమంతా దిగిపోయి, నాలుకలు చాపుకుంటూ అందరూ ఒక్క చోటికే రావాలి. రెండు పెద్ద బండల వెనక వాననీళ్ళు నిలిచే లోతైన దొన అది. దానికి ఒకటే దారి. బండల మధ్య ఆ సందు ఎంత ఇరుకంటే, ఒక దుప్పి వస్తుంటే ఇంకో దుప్పి ఆగాలి.

ఇరుకు దారి ఉన్నచోట కావలి ఉండాలి. లేకపోతే బలమున్నవాడు తాగుతాడు, లేనివాడు చూస్తాడు. అందుకని ముసలి ఎలుగుబంటి ఒకటి పన్నెండేళ్ళు ఆ దొనను కాసింది. వరసలు పెట్టేది, తగవులు తీర్చేది. అక్కడ కోర చూపకూడదు, కొమ్ము చూపకూడదు. నక్క పక్కనే నిలబడి కుందేలు నీళ్ళు తాగేది. ఆ ఎలుగు ఏ దేవుడికి మొక్కేదో చచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఎవరైనా ఆరా తీస్తే "ముందు నీళ్ళు తాగి పో" అనేది. ఉన్నన్నాళ్ళూ దానికి భక్తి లేదని మనవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. పోయాక గానీ ఆ మాట విలువ తెలిసి రాలేదు.

దేవుళ్ళంటారా, ఆ అడవిలో కొదవలేదు. దుప్పులు, వాటితోపాటు అడవిలో సగానికి పైగా, కొండమీది ఎర్రగుండు బండరాయికి మొక్కుతాయి. పొద్దున్నే అటు తిరిగి తల వంచుతాయి. కుందేళ్ళకు చందమామ. ముళ్ళపందుల తీరు వేరు. దేవుడి ముందు మొహం పెట్టడం పొగరని వాటి నమ్మకం. ఏ దేవుడి ఎదుటికి వెళ్ళినా వెనక్కి తిరిగి, వీపు చూపి, ముళ్ళన్నీ ఒక్కసారి గలగలలాడిస్తాయి. నా ఒంటిమీది ఆయుధాలన్నీ నీకే అప్పజెప్పానని దాని అర్థం. తెలియనివాళ్ళకు వింతగానే ఉంటుంది. కానీ ఎవరి బొరియలో వాళ్ళు చేసుకునేదానికి ఎవరికేం నొప్పి? పన్నెండేళ్ళు ఎవరికీ నొప్పి పుట్టలేదు.

ఎండలు ముదిరే వేళకు ఎలుగు పోయింది. కొత్త కావలిని ఎంచుకోవాలి. అడవి పద్ధతి ఒకటుంది. నిలబడేవాళ్ళు చట్టుబండ మీద నిలబడతారు, అడిగినదానికి జవాబు చెబుతారు, ఎవరి వెనక ఎక్కువమంది చేరితే వాళ్ళదే కావలి. అడిగే పని కుందేలు చెంగమ్మది. ఆ చెవులు చూశారుగా, అది విన్నదంటే విన్నట్టే, పొల్లు పోదు. ఆ సంగతి దానికీ తెలుసు. అదే దాని కొంప ముంచింది.

చెంగమ్మకు పక్క బొరియలో ముళ్ళపంది పుల్లమ్మ ఉంది. ప్రాణానికి ప్రాణం. పుల్లమ్మకు అప్పుడే ఇద్దరు పిల్లలు పుట్టారు.

"చెంగమ్మా, పసిబిడ్డల్ని ఇడిసిపెట్టి నేను సభకు రాలేను. నేనెవరి పక్కో నువ్వే చెప్పు. ఒక్కటి మాత్రం అడుగు" అంది పుల్లమ్మ. "నా దేవుణ్ణి చూసి నీళ్ళు తాగనిస్తారా, నా దప్పిక చూసి తాగనిస్తారా? నేను తాగితేనే గదా నా బిడ్డలకు పాలు."

"దానికేముంది, అందరి ముందూ కడిగేస్తాగా!" అని చెంగమ్మ ఒక్క గెంతు గెంతింది.

బండ మీద ముగ్గురు నిలబడ్డారు. కొమ్ముల దుప్పి, బూడిదరంగు మైలెద్దు, నక్క. మైలెద్దు ఒకప్పుడు ఊళ్ళో అరక దున్నింది. కాళ్ళు సడలాక సంతకు తోలబోతుంటే తాడు తెంపుకుని అడవిన పడింది. మాట నెమ్మది, పైగా మొరటు.

పుల్లమ్మ అడగమన్న మాటే ముందు దుప్పిని అడిగింది చెంగమ్మ.

"దాచేదేముంది?" అంది దుప్పి కొమ్ములు ఎగరేసి. "వాన కురిపించేది ఎర్రగుండు తల్లి. ఆమె బిడ్డలు ముందు తాగుతారు. మిగిలితే మిగతావాళ్ళు."

దుప్పులన్నీ కాళ్ళతో నేల తట్టాయి. మిగతావాళ్ళు మొహాలు చూసుకున్నారు.

"నువ్వు చెప్పు ఎద్దు మామా."

మైలెద్దు కాసేపు నెమరేసి అప్పుడు నోరు విప్పింది. "దొన దారిలో ఏ దేవుడూ ఉండడు. ఎవరన్నా తెచ్చి పెడితే ఆ పూటే తీసి అవతల పెడతా. మొక్కులు ఇళ్ళకాడ చూసుకోండి."

గుంపంతా భగ్గుమంది. "దేవుణ్ణి తీసి అవతల పెడతాడంట! ఎంత కండకావరం! నీకసలు దైవభక్తి ఉందా?"

"పొద్దున లేస్తే మీకంటే ముందు ఎర్రగుండుకు దణ్ణం పెట్టేది నేనే" అంది ఎద్దు. "ఆ తల్లి కొండమీదుంటేనే నాకు ముద్దు. దారిలో కూచుంటే వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు తగుల్తాయి."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఎద్దు తర్వాత చెప్పిందేదీ ఎవరి చెవినా పడలేదు.

ఆఖరికి నక్క వచ్చింది. నక్క వినయం మీకు తెలియనిదా? తోక ముడిచి, గడ్డం నేలకానించి, కళ్ళు అరమూసింది.

"అయ్యా, అమ్మా, నేనెంతటివాణ్ణి? రెండే రెండు మాటలిస్తా. ఒకటి, నీ దేవుడెవరని దొన కాడ ఎవర్నీ అడగను. దప్పికైనవాళ్ళందరూ నావాళ్ళే. రెండు, ఎవరి మొక్కుకూ అడ్డంపడను. ఎర్రగుండైనా చందమామైనా పుల్లమ్మొదిన గలగలలైనా నాకందరూ దేవుళ్ళే."

పుల్లమ్మ పేరు వినగానే చెంగమ్మ కళ్ళు చెమర్చాయి. సభలో లేని బాలింతను కూడా గుర్తుపెట్టుకున్నాడే అనుకుంది. ముగ్గురి మాటలూ అక్కడే బేరీజు వేసింది. దుప్పి అందరికీ నీళ్ళివ్వదు, అది తేలిపోయింది. నీ దేవుడెవరని ఎద్దూ అడగనట్టే, నక్కా అడగనంటోంది. ఎద్దు కసురుకుంటూ చెప్పింది, నక్క కడుపులో పెట్టుకుని చెప్పింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా.

"నా ఓటు నక్క బావకే, పుల్లమ్మదీ ఆయనకే!" అని చెంగమ్మ నక్క వెనక్కి గెంతింది. అది గెంతితే అడవిలో సగం గెంతినట్టే.

దిగిపోతూ మైలెద్దు దాని పక్కన ఆగింది. "ఎవర్నీ అడగనన్నాడు, బాగుంది. దారిలో ఏదీ పెట్టనివ్వనని అన్నాడా? అదొక్కటి అడుగు తల్లీ."

"ఓడిపోయినవాళ్ళు ఇట్టాగే అంటారులే మామా" అని నవ్వేసింది చెంగమ్మ.

పదిహేను రోజులు నక్క కావలి నల్లేరు మీద బండిలా సాగింది. వరస తప్పలేదు, గొడవ లేదు. ఆ తర్వాత ఒకరోజు దుప్పులు కొండమీంచి ఎర్రగుండు పెచ్చు ఒకటి దొర్లించుకొచ్చి సరిగ్గా బండల సందులో నిలబెట్టాయి. దాని ముందు తునికిపండ్లు, ఇప్పపూలు పోశాయి. వాళ్ళు అటు పోగానే నక్క ఆ ప్రసాదం తిని మూతి తుడుచుకుంది. చెంగమ్మ అది చూసింది. రాయేగా, ఎవరికేం అడ్డమని పక్కనుంచి దూరి నీళ్ళు తాగి పోయింది.

ఆ సందెవేళ పుల్లమ్మ వచ్చింది. రాయిని చూసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నలుగురి దేవత కదా, ఊరికే దాటిపోతే బాగుండదని తనంతట తనే ఆగింది. వెనక్కి తిరిగి, వీపు చూపి, ముళ్ళన్నీ నిండుగా గలగలలాడించింది. ఇంత గొప్ప మొక్కు అది తన దేవుడికి కూడా ఎన్నడూ పెట్టలేదేమో.

"తల్లికి ముడ్డి చూపిస్తావా!" దుప్పులు కొమ్ములు దించి అడ్డంగా నిలబడ్డాయి. "ముళ్ళు విప్పి తల్లినే బెదిరిస్తావా!"

"అయ్యో, మా మొక్కే అంత నాయనా! వీపు చూపితేనే మాలో లొంగినట్టు..."

"తల వంచు. వంచి లోపలికి పో."

పుల్లమ్మ నక్క వైపు తిరిగింది. "మరిదీ, నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చా. తప్పానా?" అంది నక్క మెత్తగా. "నీ దేవుడెవరని నేనడిగానా ఒదినా? నలుగురిలో మర్యాద అడుగుతున్నారు, అంతే."

పుల్లమ్మ దాహంతోనే వెనక్కి పోయింది. మొహం పెట్టి తల వంచడమంటే దాని లెక్కలో దేవుడి మీద కాలెత్తడం. బిడ్డల మీదికి పాపం తేనా అని రాత్రంతా కుమిలింది.

తెల్లారి ఈ సంగతి విని చెంగమ్మ ఉరికొచ్చింది. "నక్క బావా, ఆ రాయి తీసెయ్."

"ఎట్టా తీసేది చెంగమ్మా? అది నేను పెట్టలేదు, భక్తులు పెట్టారు. తీస్తే వాళ్ళ మొక్కుకు అడ్డంపడ్డట్టు గాదూ? ఎవరి మొక్కుకూ అడ్డంపడనని మాటిచ్చా. నువ్వే విన్నావు, నువ్వే మెచ్చుకున్నావు."

అవును, చెంగమ్మ విన్నది. ప్రతి అక్షరం విన్నది. ఇచ్చిన మాట ఒక్కటి కూడా తప్పని దొంగను అది ఆనాడే మొదటిసారి చూసింది. పరుగున మైలెద్దు దగ్గరికి పోయింది.

"మామా, నువ్వన్నావుగా తీసి అవతల పెడతానని! ఇప్పుడు రా!"

ఎద్దు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పెట్టకముందైతే అది రాయి, తల్లీ. పెట్టి దణ్ణం పెట్టాక అది దేవుడు. ఇప్పుడు నేను కొమ్ము తగిలిస్తే దొన నిండా నెత్తురే. అందుకే ఆనాడు ముందుగా మొత్తుకున్నా."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా చెంగమ్మ ఊరుకోలేకపోయింది. మూడోరోజుకు పుల్లమ్మకు పాలు ఎండిపోయాయి. మట్టి తవ్వి గడ్డలు నమిలితే నాలుక తడిసింది కానీ రొమ్ము తడవలేదు. పిల్లల గొంతులు సన్నబడిపోయాయి. చెంగమ్మ దొన దగ్గరికి పోయి, ఎర్రరాయి ముందు తనకూ ఆ తల్లీబిడ్డలకూ కలిపి తల నాలుగుసార్లు వంచి, లోపలికి దూరి, రెండు చెవులనూ నీళ్ళలో అడుగంటా ముంచింది. ఆ చెవులే కదా మోసపోయింది, వాటితోనే మోసుకుపోదామనుకుంది.

పరుగెత్తింది. మిట్టమధ్యాహ్నం. బండలు అట్లపెనంలా కాలుతున్నాయి. గాలి ఎదురు కొడుతోంది. చెవులు ఊగితే చుక్కలు రాలతాయని మెడ బిగబట్టి, ముళ్ళకంపలకు ఒళ్ళు గీరుకుంటున్నా ఆగకుండా, బొరియలో పడి చెవులు పిల్లల మూతుల దగ్గర పెట్టింది.

"తాగండమ్మా, తాగండి."

పెద్దది నాలుక చాపి నాకింది. "వెచ్చగున్నాయి పిన్నీ" అంది.

నీళ్ళు దారిలోనే ఆరిపోయాయి. చుక్క లేదు. చిన్నది నాలుక చాపలేదు. పుల్లమ్మ దాన్ని పొట్టకు హత్తుకునే ఉంది. ఎంతసేపటి నుంచి అట్లా హత్తుకుని ఉందో తెలియదు. చెంగమ్మ ఆ చల్లబడ్డ ఒంటి మీద తన ఎండిన చెవి ఆనించి ఏడ్చింది. అంత ఏడుపు ఆ అడవిలో ఎలుగు పోయినప్పుడు కూడా ఎవరూ ఏడవలేదు.

పుల్లమ్మ ఏడవలేదు. చిన్నదాన్ని మట్టిలో పెట్టి, పెద్దదాన్ని చెంగమ్మ ఒళ్ళో పడుకోబెట్టి, ఆ ఎండలోనే నడుచుకుంటూ దొన దగ్గరికి పోయింది. ఎర్రరాయికి ఎదురుగా మొహం పెట్టింది. తల వంచింది. ముళ్ళన్నీ తడిసిన చీపురు పుల్లల్లా వాలిపోయాయి.

"చూశారా, బుద్ధొచ్చింది" అంది దుప్పి.

"నేనేమీ అడగలేదు సుమండీ" అంది నక్క తునికిపండు కొరుకుతూ. "తనంతట తనే మొక్కింది."

పుల్లమ్మ కడుపు నిండా తాగి, తిరిగొచ్చి, మిగిలిన బిడ్డకు పాలిచ్చింది. చెంగమ్మ దాని కాళ్ళ దగ్గర కూలబడింది. "నా వల్లే అక్కా. నేను సరిగ్గా వినలేదు."

"సరిగ్గానే విన్నావు చెంగమ్మా. వాడూ సరిగ్గానే చెప్పాడు. నేను దప్పిక గురించి అడగమన్నా. దారి గురించి అడగాలని నాకు మాత్రం ఏం తెలుసు?" పుల్లమ్మ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "తెలిసింది ఆ ఎద్దు ఒక్కడికే. వాడి మాట మనకు చేదైంది."

వానలు పడేలోగా ముళ్ళపంది పిల్ల పెద్దదయింది. రోజూ తల్లి వెనకాలే వచ్చి, ఎర్రరాయి ముందు తల వంచి, నీళ్ళు తాగి పోతుంది. ముళ్ళు గలగలలాడించడం దానికి రాదు. తల్లి ఇక నేర్పలేదు. అది వంగినప్పుడల్లా చెంగమ్మ చెవులు ముడుచుకుని మొహం తిప్పుకుంటుంది.

నీ దేవుడెవరని అడగనన్నవాడితో సరిపెట్టుకోకు, నీళ్ళ దారిలో ఏ దేవుణ్ణీ నిలబెట్టనివ్వనన్నవాణ్ణి ఎంచుకో, ఆ మాట చేదుగా ఉన్నా సరే.