బీడు ఉన్న ఒక్కపొద్దు

హుసేనప్పకు ఉన్నది ఒకటే దిగులు. తాత ఒకచోట ఉండడు.

జమాల్ తాత ఫకీరు. మీ ఊరేదని ఎవరన్నా అడిగితే అరిగిన చెప్పులు చూపించేవాడు. గుట్ట కింద బీడులో గుడిసె వేసుకుని ఒక్క ఏడాది ఉన్నాడు. ఆ ఏడాదే హుసేనప్ప దూదేకే పని మానేసి ఆయన వెంట పడ్డాడు. ఒక పొద్దున తాత మూట భుజానికి ఎత్తుకుని, "ఈ బీడుకు ఇంక నువ్వే కాపరివిరా" అన్నాడు. మెడలోని నూలు కండువా తీసి శిష్యుడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

హుసేనప్ప ఆ మాటను ఉడుంపట్టు పట్టాడు. తాత నడిచిన నేల కదా అని బీడు చుట్టూ ముళ్లకంప నాటాడు. వానాకాలంలో నెలకోసారి గొర్రెల మందను తోలుకొచ్చే మాళమ్మను కంచె దగ్గరే ఆపేశాడు.

"రెండు దినాలు మేపుకోని పోతాం గదప్పా. మీ తాత ఉన్నన్నాళ్లూ రానిస్తాండె," అంది మాళమ్మ.

"తాత నాకు అప్పజెప్పినాడు. ఒక్క గిట్ట గూడా పడనియ్యను."

మాళమ్మ మూతి తిప్పుకుని మందను పక్క బీడుకు మళ్లించింది.

కండువాను పురుగు పట్టకుండా రేకుపెట్టెలో వేపాకు పరిచి దాచాడు. తాత మీద బెంగ పుట్టినప్పుడల్లా పెట్టె తెరిచి వాసన చూసుకునేవాడు. మొదటి ఏడు తాత వాసనే వచ్చేది. మూడో ఏటికి వేపాకు వాసన ఒకటే మిగిలింది.

మూడేళ్లకు, తొలి వానలు పడిన వారానికి తాత వచ్చాడు. హుసేనప్ప ఆయన కాళ్ల మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత చెయ్యి పట్టుకుని కంచెలోపలికి తీసుకుపోయాడు. నడుమెత్తు గడ్డి. వాన పడినా పచ్చబడలేదు. మూడేళ్ల ఎండుగడ్డి ఎక్కడిదక్కడే నిలబడి బూడిదరంగు తిరిగింది. కిందినుంచి చిగురు రావడానికి సందు లేదు. హుసేనప్పకు అదేదీ కనబడలేదు.

"నువ్వు పోయిన్నాడు యెట్లుండెనో అట్లే కాపాడినా తాతా. ఇంక నువ్వు గూడా ఉండిపో. యాడికీ పోవద్దు."

తాత వంగి ఆ గడ్డి మొదళ్లను వేళ్లతో విడదీసి చూశాడు.

"నా కండువా ఉందా?"

హుసేనప్ప గర్వంగా పెట్టెలోంచి తీసిచ్చాడు. తాత దాన్ని పర్రుమని రెండుగా చించాడు. హుసేనప్ప చెయ్యి అడ్డం పెట్టేలోపే అయిపోయింది.

"ఒకటి నీ బీట్లో పూడ్చు. ఒకటి మాళమ్మ మంద మేసిపోయే బీట్లో పూడ్చు. నలబై దినాలు కానీ. నేను ఉండాల్నో పోవాల్నో గుడ్డనే అడుగుదాం."

హుసేనప్ప లెక్క తేలికే. తాత గుడ్డను కాపాడే నేల తాతను కూడా ఉంచుకుంటుంది. ఆ నలభై రోజులూ సంగటి వండిపెట్టాడు, ఊరుబిండి పచ్చడి నూరిపెట్టాడు. తాత చెప్పుల కోసం చెయ్యి చాపితే చాలు, వాకిలికి అడ్డం వచ్చి నిలబడేవాడు. ఎదురుగా ఉన్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం దూరాన ఉన్నవాడి మీద బెంగకంటే కష్టమని అప్పుడే తెలిసింది.

నలభై ఒకటో రోజు పొద్దున్నే పార పట్టాడు. కంచెలోపలి ముక్క పూడ్చింది పూడ్చినట్టే వచ్చింది. దాన్ని కళ్లకద్దుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చూడు తాతా! ఒక్క పోగు చెదరలే. నా నేల నీ గుడ్డను ముట్టుకోలే!"

"రెండోది?"

పక్క బీడులో గుర్తురాయి పెట్టిన చోట ఇద్దరూ కలిసి తవ్వారు. గుడ్డ లేదు. ఇంకా తవ్వితే నాలుగు పోగులు దొరికాయి. వాటిని కూడా సన్నటి తెల్లటి గడ్డివేళ్లు చుట్టుకుని ఉన్నాయి.

"మింగేసింది," అన్నాడు హుసేనప్ప కోపంగా. "చెదలా తాతా?"

"చెదలకంటే చిన్నవి. కంటికి ఆనవు. పిడికెడు మన్నులో తాలూకా జనం కన్నా ఎక్కువుంటాయి. మంద ఏసిన పెంట, తొక్కిన గడ్డీకసువూ, అదే వాటికి కూడు."

తాత రెండు బీళ్ల మట్టీ చెరొక పిడికెడు తీసి అతని ముక్కు దగ్గర పెట్టాడు. పక్క బీడు మట్టి తొలకరి నాటి కమ్మటి వాసన వేసింది. కంచెలోపలి మట్టికి ఏ వాసనా లేదు.

హుసేనప్ప గొంతు తగ్గింది. "నా బీట్లో అవి లేవా?"

"ఉండాయి. మూడేండ్లుగా కూడు లేక ఒక్కపొద్దు ఉండాయి." తాత ఆ మట్టిని అతని అరచేతిలో వదిలాడు. "ఒక్కపొద్దు మంచిదే హుసేనా. పొద్దు గుంకాల గదా మరి?"

హుసేనప్ప అరచేతిలోని మట్టిని మళ్లా వాసన చూశాడు. ఆనాడు తాత అన్నది కాపరివి అని, అంటే మేపేవాడివని. కాపలా ఉండమనలేదు.

ఆ సాయంత్రానికి కంప అంతా పీకేశాడు. చేతులు నెత్తురయ్యాయి. మర్నాడు కబురందుకుని మాళమ్మ మంద దిగింది. గొర్రెలు రెండు రోజులు కొరికాయి, తొక్కాయి, పెంటలు వేశాయి, బూడిదరంగు గడ్డినంతా నేలకు అణిచేశాయి. మూడో రోజు మంద లేచింది. తాత కూడా మూట కట్టుకున్నాడు.

ఉండిపో అన్న మాట హుసేనప్ప నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. మిగిలిన కండువా ముక్కను ఒక్కసారి ముఖానికి ఒత్తుకుని, గిట్టలు పడిన చోట గుంత తీసి పూడ్చాడు.

"మళ్లా ఎప్పుడొస్తావు తాతా?"

తాత గొర్రెలు కొరికిన గడ్డి మొదళ్లను చూపించాడు.

"ఇది లేచినాక."